గజిబిజిని కట్టిన తీరు: ‘జింగి నాకి తతకాయ్’ తయారీపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీరంతా ఇప్పుడే ‘జింగి నాకి తతకాయ్’ అనే జపనీస్ యాకుజా సినిమా చూశారు. యాకుజా అంటే అక్కడి నేర ముఠాలవాళ్లు. ఇంగ్లీషులో ‘బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ’ అన్న పేరుతో ఎక్కువమందికి తెలుసు. 1973 జనవరిలో విడుదలైంది, నిడివి 99 నిమిషాలు. చూసి లేచినవాళ్లకు మామూలుగా రెండు అనుమానాలు వస్తాయి. మధ్యలో ఎవడు ఏ ముఠావాడో తప్పిపోయామే అన్నది ఒకటి. దీనికి స్క్రిప్టూ రిహార్సలూ ఉన్నాయా, లేక నిజంగా కొట్లాట జరుగుతుంటే ఎవరో కెమెరాతో మధ్యలోకి దూరిపోయారా అన్నది ఇంకొకటి. ఈ రెండూ రచయిత, దర్శకుడు కావాలని మనకు కలిగించినవే. ఆ గజిబిజి రాతబల్ల మీద మొదలై ల్యాబ్‌లో పూర్తయింది. అది ఎట్లా కట్టారన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందు వీళ్లు దేన్ని పడగొట్టారో చూద్దాం. 1963 నుంచి దాదాపు పదేళ్లు తోయే కంపెనీని నిలబెట్టినవి నింక్యో సినిమాలు. కిమోనో కట్టిన జూదగాడు, పాత కట్టుబాటు తప్పని మనిషి, కథానాయకుడు. డబ్బుకోసం ఆ కట్టుబాటును తొక్కేసే ముఠా నాయకుడు ప్రతినాయకుడు. నాయకుడు చివరిదాకా ఓర్చుకుంటాడు. ఆఖర్న కత్తి తీసుకుని శత్రువు ఇంటికి నడిచి వెళ్తాడు. కోజి త్సురుత, కెన్ తకకుర, జుంకొ ఫుజి ఆ సినిమాల తారలు. 1972లో ఫుజి పెళ్లి చేసుకుని తెరకు దూరమైంది. అప్పటికే ఆ మూస అరిగిపోయింది. అదే ఏడాది ‘గాడ్‌ఫాదర్’ జపాన్ థియేటర్లకు వచ్చింది. కంపెనీకి కొత్త సరుకు అవసరమైంది.

ఆ పాత పద్ధతిని పైమెట్టుకు ఎక్కించిన రచయితే దాన్ని కూలగొట్టాడు. ఆయన కజువొ కసహర, పుట్టింది 1927లో. 1968లో ఆయన రాసిన ఒక నింక్యో సినిమాను నవలా రచయిత యుకియొ మిషిమ గ్రీకు విషాదాంతాలతో పోల్చి మెచ్చుకున్నాడు. ఓర్పును ఎక్కడ పెంచాలో, ఎక్కడ తెంచాలో అంత కొలతగా తెలిసినవాడు కాబట్టే, ఆ కొలతలన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో కూడా ఆయనకు తెలిసింది.

ఇక ముడిసరుకు. కురె పట్టణానికి చెందిన కోజో మినో అనే ముఠా నాయకుడు అబషిరి జైల్లో ఉండగా తన కథ తాను రాసుకున్నాడు. జపాన్‌లో రచయితలు వాడే, పేజీకి 400 గళ్లుండే కాగితాల మీద దాదాపు 700 పేజీలు. హిరోషిమా ముఠాల తగాదా గురించి అచ్చయిన ఒక వ్యాసంలో తన గురించి అబద్ధం రాశారన్న కోపం ఆ రాతకు కారణం. పాత్రికేయుడు కోయిచి ఇయిబోషి దాన్ని ఆధారం చేసుకుని, తన వ్యాఖ్యానం జోడించి, 1972 మే నుంచి ‘షూకన్ సాంకెయ్’ వారపత్రికలో ధారావాహికగా ఇచ్చాడు. పత్రికలో మొదటి భాగం పడిన ఎనిమిది నెలలకు సినిమా థియేటర్లో ఉంది. ఈ వేగం గుర్తుపెట్టుకోండి. తెరమీద కనిపించే తొందరలో కొంత దీన్నుంచి వచ్చిందే.

కసహర కురెకు వెళ్లి మినోను కలిస్తే, సినిమాకు ఒప్పుకోనని చెప్పేశాడు. మాటల్లో మాటగా, యుద్ధకాలంలో ఇద్దరూ హిరోషిమా జిల్లాలోని ఓతకె నౌకాదళ శిక్షణ కేంద్రంలో ఉన్నవాళ్లేనని తేలింది. అక్కడినుంచి మినో నోరు విప్పాడు. వారపత్రికలో రాని సంగతులు స్క్రిప్టులోకి అట్లా వచ్చాయి. ఎవడు ఎవడికి ఎంత బాకీ, ఎవడు ఏ రాత్రి ఎక్కడ దాక్కున్నాడు, ఏ మాటకు ఎవడు నొచ్చుకున్నాడు లాంటివి. పాత్రలకు మూలమైనవాళ్లలో చాలామంది అప్పటికి బతికే ఉన్నారు. అందుకే పేర్లన్నీ మార్చారు. మినో తెరమీద షోజొ హిరోనో అయ్యాడు.

ఊరి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మొదటి పది నిమిషాల బరువు అందదు. కురె హిరోషిమాకు ఆగ్నేయంగా ఉన్న నౌకాదళ రేవు. యమతొ యుద్ధనౌకను కట్టింది అక్కడే. యుద్ధం ఓడిపోగానే ఆయుధాగారం మూతపడింది. పని లేని కార్మికులు, ఇంటికి తిరిగొచ్చిన సైనికులు, తిండి లేని జనం అందరూ నల్లబజారు చుట్టూ చేరారు. 1946లో బ్రిటిష్ కామన్వెల్త్ ఆక్రమణ సేన కురెలో కేంద్రం పెట్టుకుంది. ఆ సేనలో మన భారతీయ దళాలు కూడా ఉండేవి. తర్వాతి కాలంలో మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య అప్పుడు జపాన్‌లో ఒక బ్రిగేడ్‌కు అధిపతి. సినిమాలో కనిపించేది అమెరికన్ సైనికులే. అయినా ఆ ఊరికీ మనకూ ఈపాటి సంబంధం ఉందని చెప్పడం నాకు అవసరమనిపించింది.

1946 నుంచి 1956 దాకా పదేళ్ల కాలం. పదుల మంది మనుషులు. 99 నిమిషాలు. రచయిత ముందున్న లెక్క ఇది. మామూలు రచయిత అయితే హిరోనోను పట్టుకుని, మిగతావాళ్లను కత్తిరించేవాడు. కసహర ఆ పని చేయలేదు. హిరోనో రెండుసార్లు జైలుకు వెళ్తాడు. రెండోసారి, సాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం సందర్భంగా ఇచ్చిన క్షమాభిక్షతో బయటికొస్తాడు. అతను లోపలున్నంతకాలం కథ అతనికోసం ఆగదు. బయట ముఠా రెండుగా చీలుతుంది, కొరియా యుద్ధం డబ్బు తెస్తుంది, హిరొపోన్ అనే మత్తుమందు వ్యాపారం మీద సొంతవాళ్లే తన్నుకుంటారు. తిరిగొచ్చిన హిరోనోకు ఎవడు ఎటున్నాడో తెలియదు. మనకూ తెలియదు. ప్రేక్షకుడు తప్పిపోయే చోట కథానాయకుడు కూడా తప్పిపోయేలా స్క్రిప్టు కట్టడం చాలా కష్టమైన పని. ఈ సినిమా రచనలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

అయితే తప్పిపోయిన ప్రేక్షకుడు లేచి వెళ్లిపోకూడదు. అందుకు మూడు ఆధారాలు పెట్టారు. వార్తాచిత్రంలో లాగా ఉద్వేగం లేకుండా చదివే వ్యాఖ్యానం ఉంది. మనిషి పేరు, ముఠా పేరు తెరమీద పడే అక్షరాలున్నాయి. చావు దగ్గర బొమ్మ ఆగిపోయి పేరూ తేదీ కనిపించడం ఉంది. ఈ మూడింటికన్నా బలమైన ఆధారం యమమోరి పాత్ర. నోబువొ కనెకొ వేశాడు. ముఠా పెద్ద, పిసినారి, పిరికివాడు, అవసరమైనప్పుడు బొటబొటా ఏడ్చేస్తాడు. ఎదుటి ముఠా పెద్ద దోయిని చంపడానికి హిరోనోను ఒప్పించే సన్నివేశం మళ్లీ చూడండి, భార్యాభర్తలిద్దరూ కలిసి కన్నీళ్లు పెట్టుకుంటారు. ఎవరు ఎటున్నారో మర్చిపోయినా ఫరవాలేదు, ప్రతి చావుకూ వెనకాల యమమోరికి ఏం మిగిలిందో అడిగితే కథ దొరుకుతుంది.

ఇంకొక లెక్క చెప్తాను. ఈ సినిమాను కొట్లాటల సినిమాగా గుర్తుపెట్టుకుంటాం కానీ, కథ నడిచేది కూర్చుని మాట్లాడుకునే సన్నివేశాల్లో. చాపల మీద, పొట్టి బల్ల చుట్టూ, సిగరెట్ పొగలో కూర్చుంటారు. కురె యాసలో మాటలు. మాట తప్పడం అక్కడ జరుగుతుంది, తుపాకీ దాని ఫలితం మాత్రమే. కాల్పులు కొన్ని సెకన్లలో అయిపోతాయి. ఇలాంటి సినిమా రాయబోయేవాళ్లు చేసే పొరపాటు తలకిందులుగా ఉంటుంది. మాటల సన్నివేశాలను సమాచారం అందించడానికి రాసి, బుద్ధంతా ఫైటు మీద పెడతారు. అప్పుడు ఫైటులో ఎవడు పడినా ప్రేక్షకుడికి పట్టదు.

వేలు నరుక్కునే సన్నివేశం ఆ కూర్చున్న గదిలోదే. తప్పు ఒప్పుకోవడానికి చిటికెన వేలు కోసి ఇవ్వాలి. గదినిండా యాకుజాలే ఉన్నా, అది ఎట్లా కోయాలో ఎవరికీ తెలియదు. ఎప్పుడో చూశానంటూ యమమోరి భార్య చెప్పాల్సివస్తుంది. కోశాక వేలు ఎగిరి ఎక్కడో పడుతుంది, అందరూ పెరట్లోకి దిగి వెతుకుతారు, కోళ్ల దగ్గర దొరుకుతుంది. నింక్యో సినిమా పదేళ్లుగా పూజించిన ఆచారం రెండు నిమిషాల్లో నేలకు వచ్చేస్తుంది. ఆ సన్నివేశంలో ఎవరూ నవ్వించడానికి నటించరు. అందరి ముఖాల్లో ఉన్నది కంగారే. అందుకే అంత పనిచేస్తుంది.

ఇప్పుడు దర్శకుడు. కింజి ఫుకసాకు 1930లో మితొలో పుట్టాడు. 15 ఏళ్ల వయసులో ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా ఫిరంగుల దాడి జరిగి, చచ్చిపోయిన తోటి పిల్లల శరీరాలు ఎత్తిపోయాల్సి వచ్చింది. 1972లో యుద్ధం మీద తీసిన ఒక సినిమాకైతే కథ హక్కులు తన సొంత డబ్బుతో కొన్నాడు. ఇక్కడ సినిమా అణుబాంబు మేఘం ఫొటోతో మొదలవడం అలంకారం కాదు. ఆ రోజుల్లోంచి వచ్చిన హింసే తర్వాత బజార్లో తిరుగుతోందని ఆయన నమ్మకం. స్క్రిప్టులను తిరగరాస్తాడని ఫుకసాకుకు పేరుండేది, అందుకే కసహర మొదట ఆయన్ని వద్దన్నాడు. స్క్రిప్టు చదివాక ఫుకసాకు ఒక్క మాట కూడా మార్చకుండా తీస్తానన్నాడు. కథానాయకుడు బుంత సుగవరతో ఆయన అదే 1972లో ఒక వీధి రౌడీ సినిమా తీసి ఉన్నాడు. చేతి కెమెరా, ఊగే ఫ్రేము అక్కడే సాధన అయ్యాయి.

షూటింగ్ జరిగింది తోయే వారి క్యోటో స్టూడియో యూనిట్‌తో. ఫుకసాకు పెరిగింది టోక్యో స్టూడియోలో. క్యోటో అంటే కత్తుల సినిమాల ఇల్లు. అక్కడి ఫైటర్లకు కత్తియుద్ధం లయ ఒంట్లో ఉంటుంది. ఒకడు వచ్చి కొడతాడు, పడతాడు, తర్వాతివాడు వస్తాడు. ఆ లయ ఈ సినిమాకు విషం. 1946 నల్లబజారులో కొట్టుకునేవాళ్లకు కొట్లాట రాదు. చేతులు వణకాలి, గురి తప్పాలి, ఇద్దరు ఒకేసారి మీదపడి ఒకరికొకరు అడ్డంరావాలి. కాబట్టి వరస పెట్టి కొట్టడం తీసేసి, పట్టుకోవడం, లాగడం, జారిపడటం పెట్టాల్సి వస్తుంది.

కెమెరా కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. స్టాండు మీద కెమెరా ఉంటే ఒక సౌకర్యముంది. పిడికిలికీ ముఖానికీ మధ్య జానెడు ఖాళీ ఉన్నా, సరైన కోణం నుంచి చూస్తే దెబ్బ తగిలినట్టే ఉంటుంది. చేతి కెమెరా తిరుగుతూ ఉంటే ఆ ఖాళీ బయటపడిపోతుంది. దీనికి మందు రెండు రకాలు. దగ్గరికి వెళ్లి, ముందు ఎవరిదో వీపో భుజమో అడ్డం వచ్చేలా పెట్టడం ఒకటి. దెబ్బ తగిలే క్షణానికి కెమెరా ఊపులో ఉండేలా చూసి, ఆ ఊపు మీదే కట్ చేయడం రెండోది. ఈ సినిమాలో రెండూ కనిపిస్తాయి. బొమ్మ ఊగడం ఆపరేటర్ చేతకానితనం వల్ల కాదు. ఛాయాగ్రాహకుడు సదాజి యోషిద ఫ్రేముల్లో, ఎంత గుంపు ఉన్నా, చూడాల్సిన ముఖం ఒకటి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

పైగా ఇది స్కోప్ సినిమా, 2.35:1 వెడల్పు. పక్కలు రెండింతలు నొక్కి తీసే లెన్సు కెమెరా ముందు బరువుగా వేలాడుతుంది. వెడల్పు ఫ్రేములో కెమెరా కాస్త ఒరిగినా నేల మొత్తం ఒరిగినట్టుంటుంది. తెలియకుండా ఒరిగితే తప్పులా కనిపిస్తుంది. అందుకే ఫుకసాకు ఒరిగిస్తే సగంసగం ఒరిగించడు, పూర్తిగా పక్కకు వాల్చేస్తాడు. ఫోకస్ ఇంకో తలనొప్పి. టేపుతో కొలిచి నేల మీద పెట్టిన గుర్తులు చేతి కెమెరాకు పనికిరావు, నటుడూ కెమెరా ఇద్దరూ కదులుతున్నారు కాబట్టి అసిస్టెంటు కంటి అంచనాతో లెన్సు తిప్పాలి. పొడుగు లెన్సు పెడితే వణుకు ఎక్కువవుతుంది, మరీ వెడల్పు లెన్సు పెడితే అంచుల్లో ముఖాలు సాగుతాయి. ఈ రెంటి మధ్య బతకాలి.

లైటింగ్ సంగతి చాలామంది గమనించరు. కెమెరా ఏ పక్కకైనా తిరగొచ్చంటే నేల మీద లైటు స్టాండు పెట్టడానికి చోటుండదు. దీపాలు పైన కట్టాలి, లేదా గోడకో కప్పుకో కొట్టించి వెలుతురు పరవాలి. అప్పుడు ముఖం మీద పడేది తక్కువ. ఆనాటి రంగుల నెగటివ్ వేగం, అంటే వెలుతురును అందుకునే శక్తి, 100 ఏఎస్ఏ ప్రాంతంలోనే ఉండేది. లెన్సు పూర్తిగా తెరిస్తే ఫోకస్ లోతు పోతుంది. అలాంటప్పుడు యూనిట్లు చేసేది, నెగటివ్‌కు తక్కువ వెలుతురు ఇచ్చి ల్యాబ్‌లో ఎక్కువసేపు కడిగించడం. ఒక స్టాపు, అంటే రెండింతలు, పెంచితే 100 కాస్తా 200లా పనిచేస్తుంది. దానికి చెల్లించే వెల, గ్రెయిన్, అంటే ఫిల్ము మీది రేణువులు, లావవుతుంది, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. కుటుంబ కథాచిత్రంలో అది నష్టం. పాత వార్తాచిత్రంలా కనిపించాల్సిన సినిమాకు అదే లాభం.

చేతిలో పట్టుకోగల ఆనాటి 35 ఎంఎం కెమెరాలు మోటారు చప్పుడు చేసేవి. చప్పుడు ఆపే పెట్టె తొడిగితే చేత్తో ఎత్తలేం. కాబట్టి అలాంటి షాట్లకు మాటలు తర్వాత డబ్బింగ్‌లో పెట్టాలి. అరుపుల మధ్య పెదాలు కలపడం పెద్ద కష్టం కాదు. గుంపు అరుపుల్లో ఒక్కొక్క గొంతూ విడిగా వినిపించేలా చూడటం కష్టం. అది సరిగా చేయకపోతే కొట్లాటంతా ఒకే మోతగా కలిసిపోతుంది.

ఇక ఆగిపోయే బొమ్మ. ఈ సినిమా నుంచి ఎందరో తీసుకున్నది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఫిల్ములో బొమ్మను ఆపడానికి ఆప్టికల్ ప్రింటర్ కావాలి. నెగటివ్ నుంచి ఒక పాజిటివ్ తీసి, కావాల్సిన ఫ్రేమును ప్రింటర్ గేటులో నిలబెట్టి, ఎదురుగా కొత్త ఫిల్మును నడిపిస్తారు. సెకనుకు 24 ఫ్రేములు, మూడు సెకన్లు ఆగాలంటే ఆ ఒక్క ఫ్రేమునే 72 సార్లు అచ్చువేయాలి. పేరు, తేదీ ఉన్న అక్షరాలను దాని మీద విడిగా ఎక్కించాలి. ఇందులో చెడిపోయేవి రెండు. మొదటిది, ఇది నకలుకు నకలు కాబట్టి బొమ్మ ముతకగా, కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఎక్కువగా మారుతుంది. ఆగే క్షణంలోనే ఈ మార్పు వస్తే, బొమ్మ ఆగబోతోందని కన్నుకు ముందే తెలిసిపోతుంది. షాటు మొదటినుంచీ నకలు తీస్తే మార్పు కట్‌లో దాక్కుంటుంది. రెండోది, మామూలు బొమ్మలో గ్రెయిన్ ప్రతి ఫ్రేముకూ మారుతూ కదులుతుంది. ఒకే ఫ్రేము ఆగితే గ్రెయిన్ కూడా ఆగుతుంది, బొమ్మ చచ్చుబడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు మూడు ఫ్రేములను మార్చి మార్చి అచ్చువేసి దాన్ని కప్పిపుచ్చడం ల్యాబుల్లో తెలిసిన పనే. ఈ సినిమాలో మాత్రం ఆ చచ్చుబడటమే కావాలి. ఆగిన ముఖం మరునాటి పేపర్లో పడిన ముతక ఫొటోలా ఉండాలి.

ఏ ఫ్రేము దగ్గర ఆపాలన్నది ఎడిటింగ్ బల్ల మీద తేలే సంగతి. నటుడు అందంగా పడిన ఫ్రేము ఎంచుకుంటే అది పోస్టర్ అవుతుంది. ఇక్కడ ఎంచుకున్నవి నోరు వంకరపోయినవి, కన్ను సగం మూసుకున్నవి. ఆ వెంటనే తోషియకి త్సుషిమ బాణీ. ఆ ఇత్తడి బూరల మోత చనిపోయినవాడికోసం ఏడవదు, కథను ముందుకు తోస్తుంది. చావు అయిపోయింది, తర్వాతి సంగతి చూడండి అన్నట్టుంటుంది.

హిరొకి మత్సుకత వేసిన, యమమోరి ముఠాలోని సకాయి చావు ఈ పద్ధతికి మంచి పాఠం. పిల్లకోసం బొమ్మల కొట్లో నిలబడి ఉంటాడు, మనుషులు వస్తారు, కాలుస్తారు. ఎదురుకాల్పులు లేవు, ఆఖరి మాట లేదు. రంగురంగుల బొమ్మల మధ్య పడిపోతాడు. ఆ తర్వాత అంత్యక్రియల దగ్గర హిరోనో తుపాకీ తీసి, కాల్చింది మనిషిని కాదు, పూజకు పేర్చిన సామాన్లను. యమమోరి ఎదురుగానే ఉన్నాడు, కాల్చొచ్చు, కాల్చడు. పాత నింక్యో సినిమా అయితే ఆఖరి పది నిమిషాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. కసహరకు ఆ పది నిమిషాలు రాయడం బాగా తెలుసు. రాయలేదు.

లోపం కూడా చెప్పాలి. ఆడవాళ్లకు ఇందులో చోటు దాదాపు లేదు. యమమోరి భార్య ఒక్కతే గట్టిగా గుర్తుంటుంది. నల్లబజారులో తిండి వెతికిన ఆడవాళ్ల బతుకు మొదటి సన్నివేశంలో దాడికి గురయ్యే మనిషిగా కనిపించి, తర్వాత మాయమైపోతుంది. పదేళ్ల చరిత్ర చెప్తున్నామన్న సినిమాకు అది చిన్న లోటు కాదు.

తెరమీద మూలమూలలా కనిపించే ఆ పేరులేని ముఖాల గురించి కూడా తెలుసుకోవాలి. క్యోటో స్టూడియోలో జూనియర్ ఆర్టిస్టులందరికీ కలిపి ఒకే పెద్ద గది. ఏళ్లతరబడి కత్తిపోటు తిని పడిపోవడమే వాళ్ల ఉద్యోగం. చేతి కెమెరా, గుంపు ఫ్రేము వచ్చాక వెనక వరసలో ఉన్నవాడి ముఖం కూడా ఎప్పుడైనా తెర నిండవచ్చు. కాబట్టి ప్రతివాడూ ప్రతి క్షణం నటించాల్సిందే. ఈ వరస సినిమాల్లో ఆ గది నటులకు గుర్తింపు వచ్చింది. వాళ్లు తర్వాత పిరానా గుండన్ అనే బృందంగా ఏర్పడ్డారు, తకుజొ కవతాని లాంటివాళ్లు ఇంటింటా తెలిసిన నటులయ్యారు. గుంపు సన్నివేశాలు తీసేవాళ్లు ఇది తప్పకుండా గమనించాలి. ముందు నిలబడ్డ నలుగురికే పని చెప్పి, వెనక ముప్పైమందిని ఊరికే అరవమంటే, చేతి కెమెరా వాళ్లను పట్టిచ్చేస్తుంది.

సినిమా గెలిచింది. ఆ ఏడాది ‘కినెమ జుంపో’ పత్రిక ఉత్తమ చిత్రాల జాబితాలో రెండో స్థానం, కసహరకు ఉత్తమ రచన, సుగవరకు ఉత్తమ నటుడు. తోయే వెంటనే వరస పెట్టింది. 1973 జనవరికీ 1974 జూన్‌కూ మధ్య అయిదు సినిమాలు, అన్నీ ఫుకసాకువే. నాలుగింటికి కసహర రాసి ఆగిపోయాడు, అయిదోది కోజి తకద రాశాడు. అంత వేగంలో ఒక చిక్కు వచ్చింది. మంచి నటులందరినీ మొదటి సినిమాలోనే చంపేశారు. అందుకని చచ్చినవాళ్లే వేరే పేర్లతో తిరిగొచ్చారు. ఇందులో వకసుగిగా చనిపోయిన తత్సువొ ఉమెమియ, మూడో సినిమాలో కనుబొమలు గొరిగించుకుని ఇంకో ముఠా మనిషిగా వస్తాడు. మత్సుకత అయితే నాలుగులోనూ అయిదులోనూ వేర్వేరు మనుషులుగా కనిపిస్తాడు. రెండో సినిమా చూసేటప్పుడు హిరోనో పక్కకు తప్పుకుని కథ హిరోషిమా నగరానికి మారుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. అందులో కిన్య కితఓజి, షినిచి చిబ వేసిన పాత్రలు మొదట ఒకరిది ఒకరికి అనుకున్నవి, తర్వాత తారుమారు చేశారు. పిచ్చికుక్కలాంటి ఒతొమొ పాత్ర చిబకు వచ్చింది. అయిదు సినిమాలూ వరసగా చూడాలనుకునేవాళ్లు పక్కన ఒక కాగితం పెట్టుకుని, నటుడి పేరు కాకుండా పాత్ర పేరు, ముఠా పేరు రాసుకుంటూ చూడండి. మూడో సినిమాకు వచ్చేసరికి ఆ కాగితం లేకుండా కుదరదు.